ఎమ్మెల్యేగారికి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

మా వైపు ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు వినబడే మాట, "పదండి, ఎమ్మెల్యేగారితో చెబుదాం". కాలువ పొంగినా అంతే, వృద్ధాప్య పింఛను ఆగినా అంతే, కుర్రాడికి పేపరు మిల్లులో పని కావాలన్నా అంతే. ఒక్క సంగతిలో మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు. చిన్నప్పుడు హాస్టల్లో తన మీద జరిగిన అఘాయిత్యం గురించి ఏళ్ళు గడిచాక నోరు విప్పిన మనిషిని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ, ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలున్నారు" అంటారు.

మాది దక్షిణ ఒడిశాలో ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న ఊరు. అటు పార్వతీపురం, ఇటు కొరాపుట్. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసులో ఒడియా. ఊరి పేరు రాయను. ఇంత చిన్న చోట ఊరి పేరు రాస్తే మనుషుల పేర్లు రాసినట్టే. ఇక్కడ మునిసిపాలిటీలో ఒక టర్ము కౌన్సిలర్‌గా చేశాను. రిజర్వేషన్ వచ్చింది, మా వీధివాళ్ళు నిలబెట్టారు, గెలిచాను. తరవాత మళ్ళీ నిలబడలేదు, అది వేరే కథ.

మా తమ్ముడి కూతురు విశాఖలో లా చదువుతోంది. సెలవులకొచ్చినప్పుడు సెమినారు పేపరొకటి వెంట తెచ్చుకుంది. ఎప్పుడో జరిగిపోయిన బాలల వేధింపుల మీద ప్రభుత్వాలు విచారణ వేసేటప్పుడు, జనం ఎన్నుకున్న సభ్యులకి అందులో ఎంత చోటివ్వాలి అన్నది దాని విషయం. "అత్తా, నువ్వు కౌన్సిల్లో కూచున్నదానివి కదా, నీకేమనిపిస్తోంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా తమ్ముడు అందుకున్నాడు. వాడు తహసీలు ఆఫీసులో హెడ్‌క్లర్కుగా రిటైరైనవాడు. "రాజకీయాలవాళ్ళు కాలుపెట్టారంటే ఆ కేసు గోవిందా. వాళ్ళని గుమ్మం బయటే ఉంచాలి అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అంటారు. రాత్రి భోజనాలయ్యేదాకా అదే వాదన. నన్ను ఒక్క మాటా పూర్తి చెయ్యనివ్వలేదు గనక మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మేనకోడలు పేపరులో సగం జెర్సీ గురించే. జెర్సీ అంటే మనకి ఆవు. ఆ ఆవు పుట్టిల్లు అదే. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి, జనం లక్షకి కాస్త పైన. బ్రిటిష్ రాజరికం కిందే ఉంటుంది గానీ చట్టసభ దానికి వేరే ఉంది. ఆ సభలో 12 మంది పారిష్ పెద్దలు కూడా సభ్యులే. వాళ్ళని కానిస్టేబుళ్ళంటారు, అలాగని పోలీసు ఉద్యోగులు కారు. మన సర్పంచులు నేరుగా అసెంబ్లీలో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా అనుకోండి. అందరూ అందరికీ ఏదో ఒక వరసవుతారు. మా ఊళ్ళో పెళ్ళికెళ్తే కౌన్సిలరు, హాస్టలుకి కూరగాయలు వేసే కాంట్రాక్టరు, ఎస్సైగారి మామగారు ఒకే బంతిలో కనిపిస్తారు. ఫిర్యాదు చెయ్యాల్సినవాడూ, తీసుకోవాల్సినవాడూ, ఫిర్యాదులో ఉన్నవాడూ వియ్యాలవారైతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఆ దీవిలో ఓ ద లా గారెన్ అనే పిల్లల ఆశ్రమం ఉండేది. 1986లో మూసేశారు. అక్కడ పెరిగినవాళ్ళు పెద్దవాళ్ళై, జుట్టు నెరిశాక, తమకి జరిగింది చెప్పడం మొదలెట్టారు. 2007 నవంబరులో పోలీసులు తమ దర్యాప్తు సంగతి బయటపెట్టారు. 2008 ఫిబ్రవరిలో ఆ భవనంలో తవ్వకాలు జరిగాయి. పిల్లవాడి పుర్రె ముక్క దొరికిందన్నారు, ప్రపంచంలో ఉన్న కెమెరాలన్నీ అక్కడ దిగాయి. తీరా పరీక్షల్లో అది చెక్కముక్కో కొబ్బరిచిప్పో అయ్యుంటుందన్నారు. ఇంకేముంది, అంతా కట్టుకథేనని చెప్పాలనుకునేవాళ్ళకి అదొక్కటి చాలు. బతికున్న మనుషులు ఎదురుగా నిలబడి చెప్పినదాన్ని పక్కనపెట్టి కొబ్బరిచిప్ప మీద ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు.

సభ్యుల సంగతికొద్దాం. తవ్వకాలకి ముందే, 2007లో, స్టువర్ట్ సైవ్రెట్ అనే ఆరోగ్య మంత్రి ఈ దీవిలో పిల్లల రక్షణ మీద తనకి నమ్మకం లేదని పైకే అనేశాడు. సెప్టెంబరుకల్లా ఆ సభే ఓటు వేసి ఆయన్ని మంత్రి పదవిలోంచి దింపేసింది. మేనకోడలు ఇది చదవగానే మా తమ్ముడు మంచం మీదనుంచి లేచి కూచున్నాడు. "చూశావా, నేనన్నదేగా!"

నిజమే, అక్కడితో ఆపితే వాడే గెలుస్తాడు. 2010 డిసెంబరులో మంత్రులంతా కలిసి, కోర్టు కేసులు అయిపోయాయి గనక వేరే విచారణ కమిటీ అక్కర్లేదని తేల్చారు. ఫైలు మూసినట్టే. దాన్ని మళ్ళీ తెరిపించింది ఒక మామూలు సభ్యుడు. ఫ్రాన్సిస్ లె గ్రెస్లీ అని, అంతకుముందు జనానికి ఉచితంగా సలహాలిచ్చే సంస్థ నడిపిన మనిషి. ఉప ఎన్నికలో గెలిచి ఏడాది కూడా కాలేదు. మంత్రులు తమ నిర్ణయాన్ని మళ్ళీ ఆలోచించాలని తీర్మానం పెట్టాడు, 2011 మార్చిలో సభ దాన్ని ఆమోదించింది. తరవాత విచారణ పరిధి ఏమిటన్నది కూడా సభ ముందుకే వచ్చింది, 2013 మార్చిలో అక్కడే ఓటుకి పెట్టారు. ఆ పరిధిలో ఒక ప్రశ్న ఉంది: పోలీసులు పంపిన ఫైళ్ళ మీద కేసు పెట్టాలా వద్దా అని తేల్చినప్పుడు రాజకీయ జోక్యం ఏమైనా ఉందా? పాలించేవాళ్ళు నాలుగు గోడల మధ్య కూచుని రాసుకునే కాగితంలో ఇలాంటి ప్రశ్న తనంతట తాను వచ్చి కూచోదు. నలుగురి ఎదుట, రికార్డులోకెక్కే చోట చర్చ జరిగితేనే వస్తుంది.

డబ్బు కూడా అంతే. మొదట 60 లక్షల పౌండ్లు అవుతుందనుకున్నారు. 2015లో ఇంకా కావాలని మళ్ళీ సభ ముందుకు రావాల్సొచ్చింది. ఆపేద్దామన్నవాళ్ళున్నారు, గీత గీద్దామన్నవాళ్ళున్నారు. చివరికి మొత్తం 2 కోట్ల 30 లక్షల దాకా అయింది. ఫ్రాన్సెస్ ఓల్డమ్ అనే లాయరు నడిపిన ఆ విచారణ 2017 జులైలో నివేదిక ఇచ్చింది. 1945 నుంచీ జరిగినదంతా తవ్వింది. అంతటితో ఊరుకోక, ఇప్పటి పిల్లలకి కూడా ముప్పు తప్పి ఉండకపోవచ్చని చెప్పింది. చెప్పినవి ఎంతవరకూ చేశారో చూడ్డానికి అదే బృందం 2019లో మళ్ళీ ఆ దీవికొచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తిరిగి రావడం. మన దగ్గర కమిషన్ జడ్జిగారు నివేదిక ఇచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళాక, మళ్ళీ ఆ ఛాయలకొస్తారా?

మన చట్టం తక్కువదేమీ కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం మూడో సెక్షన్ మేనకోడలు చదివి వినిపించింది. ప్రభుత్వానికి అవసరమనిపిస్తే కమిషన్ వెయ్యొచ్చు, శాసనసభ తీర్మానం చేస్తే మాత్రం వేసి తీరాలి. నివేదిక అందిన ఆరు నెలల్లోపు, దాని మీద ఏం చర్య తీసుకున్నారో రాసిన కాగితంతో సహా సభ ముందు పెట్టాలి. అంటే విచారణ మొదలుపెట్టించే తాళమూ, చివర లెక్క అడిగే తాళమూ రెండూ చట్టం సభ్యుల చేతికే ఇచ్చింది. మొదటిదాన్ని వాళ్ళు వాడరు, రెండోదాన్ని ప్రభుత్వాలు వాడనివ్వవు. పూరీ జగన్నాథుడి రత్నభండారం తాళాలు కనబడటం లేదని 2018లో మన దగ్గర జస్టిస్ రఘువీర్ దాస్ కమిషన్ వేశారు. ఆ నవంబరుకే నివేదిక ఇచ్చారు. 2024 ఎన్నికల నాటికీ అది సభ ముందుకి రాలేదు. దేవుడి తాళాలకే ఆ గతి పడితే, ఆశ్రమ పాఠశాలలో పిల్లది ఎవరికి గుర్తుంటుంది?

కుందులి సంగతి మా వైపు అందరికీ గుర్తే. సంతకి సాలూరు నుంచి వ్యాపారులొచ్చే ఊరు. 2017 అక్టోబరులో ఆ చుట్టుపక్కల స్కూలుకెళ్ళే ఒక పిల్ల, యూనిఫాంలో ఉన్న మనుషులు తనమీద అత్యాచారం చేశారని చెప్పింది. జిల్లా జడ్జితో న్యాయ విచారణ అన్నారు. భువనేశ్వర్‌లో సభ్యులు పోడియం దగ్గరికి దూసుకెళ్ళారు, సభ వాయిదాల మీద వాయిదాలు పడింది. 2018 జనవరిలో ఆ పిల్ల ఉరేసుకుని చనిపోయింది. సభ్యులు దాని గురించి అరవలేదని ఎవరూ అనలేరు. విచారణ ఏ ప్రశ్నలకి జవాబు చెప్పాలి, ఎన్నాళ్ళలో చెప్పాలి, అంతవరకూ ఆ పిల్లని ఎవరు కాచుకోవాలి అన్నవి సభలో కూచుని రాయించి ఉంటే ఆ అరుపులకి ఒక అర్థం ఉండేది. చర్చ జరగాలంటే ముందు సభ నడవాలి కదా.

ఇక నేను కళ్ళారా చూసిన సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన మెంబరు ఒకరుండాలి. ఆ లెక్కన నన్నొక కన్యాశ్రమానికి వేశారు. కన్యాశ్రమమంటే ఆదివాసీ ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలు. మేం వస్తున్నామని ముందురోజే ఫోన్ వెళ్ళిపోతుంది. వెళ్ళేసరికి పిల్లలు ఎత్తు ప్రకారం వరసగా నిలబడి ఉంటారు, తలకి నూనె, ఎర్ర రిబ్బన్లు. "ఎలా ఉన్నారమ్మా?" అంటే ఒకే గొంతుతో "సబు భల అచ్ఛి, ఆజ్ఞా" అంటారు. వాళ్ళ ఇంటి భాష కుయి. విజిటర్స్ బుక్కు ఒడియాలో. వచ్చిన నాది తెలుగు. పిల్లకీ నాకూ మధ్య మాట మోసుకొచ్చేది ఎవరూ అంటే ఆ హాస్టలు సూపరింటెండెంటే. ఫిర్యాదుల పెట్టె గోడకి ఉంది, తాళం ఆవిడ కొంగున ఉంది.

మేం ఏం చూస్తాం? స్టోర్ రూముకి తీసుకెళ్తారు. బియ్యం బస్తాలు లెక్కపెడతాం. పప్పు పలచగా ఉందంటాం. గుడ్డు ఇస్తున్నారా అని అడుగుతాం. బాత్రూం తలుపులకి లోపలి గడియ లేకపోతే నేనే అడిగాను. "ఇండెంట్ పెట్టాం మేడమ్" అన్నారు. రిజిస్టర్లో రాస్తానంటే, కమిటీలో ఒక పెద్దాయన చిన్నగా నవ్వి "గడియ సంగతి కూడా రాస్తే ఏం బాగుంటుందమ్మా, ఆడపిల్లల హాస్టలు" అన్నాడు. రాశాను. ఏ పేజీలో రాశానో ఆ పేజీ ఇప్పటికీ ఉంటుంది, ఎవరైనా చదివారో లేదో ఆ దేవుడికి తెలియాలి.

నేను మెంబరుగా దిగిపోయిన చాలా ఏళ్ళకి, అడ్డాకుల విస్తళ్ళు తెచ్చే ఒకావిడ మా అరుగు మీద కూచుని కట్టలు లెక్కపెడుతూ, లెక్క మధ్యలో ఆగిపోయింది. మనవరాలిని హాస్టల్లో వెయ్యమంటున్నారట, తనకి ఇష్టం లేదట. ఎందుకని అడిగాను. తను చిన్నప్పుడున్న హాస్టలు గురించి చెప్పింది. అక్కడ పనిచేసిన ఒకాయన గురించి చెప్పింది. ఆమె చెప్పినదేదీ ఇక్కడ రాయను. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది: "ఆడికి పింఛను వస్తాందా అమ్మా?"

నాకు జవాబు తెలీదు. ఎలా తెలుసుకోవాలో కూడా తోచలేదు. కోర్టు మాట అడిగితే మేనకోడలు పెదవి విరిచింది. అప్పట్లో ఆడపిల్ల మీద చెయ్యివేస్తే పడే శిక్ష రెండేళ్ళు దాటేది కాదు. అంత చిన్న శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు మూడేళ్ళలోపే విచారణకి తీసుకోవాలి. ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు గానీ అదీ కోర్టు దయ. పదేళ్ళ పిల్ల పదమూడేళ్ళకే ఆ గడువు దాటేస్తుంది, అప్పటికింకా హాస్టల్లోనే ఉంటుంది. 2012 నవంబరులో పిల్లల మీద లైంగిక నేరాల కోసమే పోక్సో చట్టం వచ్చింది, అయితే అంతకు ముందు జరిగినవాటికి అది వర్తించదు. స్కాట్లండులో ఇలాంటి గడువే నష్టపరిహారం దావాలకి అడ్డొస్తుంటే 2017లో అక్కడి పార్లమెంటు చట్టం చేసి ఎత్తేసింది. దాని వెనక 2002లో ఒక బాధితుడు పార్లమెంటుకి పెట్టుకున్న అర్జీ ఉంది. సభ్యుల కమిటీ దాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా పట్టుకుని కూచుంది. 2004లో అక్కడి ప్రభుత్వాధినేత సభలో లేచి క్షమాపణ చెప్పాడు. పెద్ద విచారణ 2015లో మొదలైంది. నిదానమే, కానీ ఆ అర్జీ చచ్చిపోలేదు.

ఇక్కడే మా తమ్ముడికీ నాకూ తేడా. "సరే, అయితే ఆ విస్తళ్ళావిణ్ణి తీసుకెళ్ళి ఎమ్మెల్యే ముందు కూచోబెట్టు" అన్నాడు వెటకారంగా. కూచోబెట్టను. అస్సలు కూచోబెట్టను. ఆమె పేరు, ఊరు, ఆమె చెప్పిన మాట ఏ సభ్యుడి చేతికీ వెళ్ళకూడదు. సాయంత్రానికల్లా పీఏకి తెలుస్తుంది, రాత్రికి పార్టీ ఆఫీసులో, పొద్దున్నకి టీ కొట్లో. ఐర్లండులో ఏం జరిగిందో చూడండి. పెళ్ళికాని తల్లుల్నీ వాళ్ళ బిడ్డల్నీ ఉంచిన ఆశ్రమాల మీద 2015లో కమిషన్ వేశారు. 2021 జనవరిలో నివేదిక బయటపెట్టాల్సిన రెండు రోజుల ముందే అందులో ముఖ్యమైనవి ఒక ఆదివారం పత్రికలో వచ్చేశాయి. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు తమ గురించి తాము పేపర్లో చదువుకున్నారు. దానికి కొన్ని నెలల ముందు, 2020 అక్టోబరులో, ఆ కమిషన్ రికార్డుల మీద హడావిడిగా ఒక బిల్లు తెచ్చారు. ప్రతిపక్షం సవరణలు పెడితే ప్రభుత్వం తోసేసింది. మా రికార్డులు మాకే చూపించకుండా దాచేస్తారా అని జనం రోడ్డెక్కినంత పనిచేశాక గానీ ప్రభుత్వం దిగిరాలేదు.

కౌన్సిల్లో మాకు టేబుల్ ఎజెండా అనొకటి ఉండేది. మీటింగు రోజున, కూర్చున్నాక చేతికిచ్చే కాగితం. టీ రాకముందే సంతకాల రిజిస్టరు చుట్టూ తిరిగొచ్చేది. ఏ కాంట్రాక్టు ఎవరికి వెళ్ళిందో తెలియాలంటే మామూలు ఎజెండా చదవక్కర్లేదు, ఆ టేబుల్ ఎజెండా చూస్తే చాలు. ఐర్లండు వాళ్ళ దగ్గర అలాంటిదే చాలా పెద్దదొకటి జరిగింది. చర్చి సంస్థలు నడిపిన స్కూళ్ళలో పిల్లల మీద జరిగిన వేధింపులకి ప్రభుత్వం పరిహారం ఇవ్వాల్సొచ్చింది. ఆ సంస్థలు ఎంత వేసుకోవాలన్నది 2002 జూన్‌లో, ఎన్నికలైపోయి కొత్త ప్రభుత్వం ఇంకా కొలువు తీరకముందు, విద్యామంత్రి సంతకంతో తేలిపోయింది. వాళ్ళ వంతు 12 కోట్ల 80 లక్షల యూరోలు, మిగతాదెంతైనా ప్రభుత్వానిదే. మొత్తం ఖర్చు తరవాత 150 కోట్లకి చేరింది. పార్లమెంటు ఖాతాల కమిటీ దాని మీద మండిపడింది గానీ అప్పటికి సంతకం ఆరి చాలా కాలమైంది. బాధితుల పేర్లు రహస్యంగా ఉంచమంటే అర్థముంది. ఎవరు ఎంత కట్టాలన్నది రహస్యంగా తేల్చుకోవడమేమిటి?

విచారణ నడిపేవాళ్ళని ఎంచుకోవడంలో కూడా సభ కన్ను ఉండాలంటాను. ఇంగ్లండులో పిల్లల వేధింపుల మీద 2014 జులైలో హోంమంత్రి థెరిసా మే విచారణ ప్రకటించింది. మొదట నియమించిన మాజీ జడ్జి వారంలోనే తప్పుకుంది. ఆవిడ అన్న ఒకప్పుడు అటార్నీ జనరల్, ఆ కాలపు నిర్ణయాలే విచారణకి రావాలి. రెండోసారి వచ్చినావిడకి ఒక మాజీ హోంమంత్రి కుటుంబంతో విందుల రాకపోకలున్నాయని తేలి ఆవిడా అక్టోబరు ఆఖరున వెళ్ళిపోయింది. మూడోసారి న్యూజీలాండు నుంచి జడ్జిని తెచ్చి, ముందుగా పార్లమెంటు కమిటీ ఎదుట కూచోబెట్టి ప్రశ్నలడిగారు. ఆవిడ కూడా 2016లో రాజీనామా చేసిందనుకోండి. అంటే కమిటీ ప్రశ్నలేమీ మంత్రం కాదు. కానీ బంధుత్వాలు, స్నేహాలు ముందే బయటపడితే బాధితులు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళక్కర్లేదు. మా వైపైతే ఆ మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేమిటండీ?" అన్నదే అవ్వాలి.

సభ్యుడు ఎంత బాగా పనిచెయ్యగలడో చూడాలంటే ఆస్ట్రేలియాలో ఆండ్రూ ముర్రే గురించి చదవాలి. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఇంగ్లండు నుంచి ఓడెక్కించి ఆఫ్రికా పంపేసిన పిల్లల్లో ఒకడు. పెద్దయ్యాక ఆస్ట్రేలియాలో సెనేటర్ అయ్యాడు. ఆశ్రమాల్లో పెరిగినవాళ్ళ గురించి 2004లో సెనేట్ కమిటీ ఇచ్చిన నివేదిక వెనక ఆయన పట్టుదల ఉంది. 2009లో ప్రధాని వాళ్ళకి క్షమాపణ చెప్పాడు. 2012 నవంబరులో అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్ సంస్థల్లో జరిగిన పిల్లల వేధింపుల మీద రాయల్ కమిషన్ ప్రకటించాక, ఆరుగురు కమిషనర్లలో ఈయన్నీ వేశారు. అప్పటికి సెనేట్ వదిలి నాలుగేళ్ళయింది. ఆ కమిషన్ 2017 డిసెంబరు దాకా నడిచింది. 8,000 మందికి పైగా బాధితులు తలుపులు మూసిన గదిలో, కమిషనర్ ఎదుట మాత్రమే మాట్లాడారు. ఏ మంత్రీ లేడు, ఏ ఎంపీ లేడు. నివేదిక వచ్చాక మళ్ళీ పార్లమెంటు కమిటీ కూచుని, పరిహారం ఇస్తున్నారా లేదా అని అధికారుల్ని పిలిచి అడిగింది. నేను తమ్ముడికి చెప్పబోయింది ఇదే. వెయ్యాలా వద్దా, ఏం అడగాలి, ఎంత ఖర్చుపెట్టాలి అన్నది సభ్యులు పబ్లిగ్గా తేల్చాలి. ఆ తరవాత గది బయటికి నడవాలి. నివేదిక వచ్చాక లోపలికొచ్చి ఒక్కొక్క పేజీకీ లెక్క అడగాలి. మన దగ్గర సరిగ్గా తిరగేసి జరుగుతోంది: ముందు సభలో గోల, మధ్యలో ఎస్సైకి ఫోన్లు, చివర్లో ఎవరూ కనబడరు.

"వాళ్ళల్లోనే హాస్టలు నడిపేవాళ్ళున్నారు కదప్పా, కాంట్రాక్టులున్నవాళ్ళున్నారు కదా" అన్నాడు తమ్ముడు చివరిగా. ఉన్నారు. అలాంటివాళ్ళు ఓటు వేసే ముందు లేచి ఆ మాట చెప్పి పక్కకి తప్పుకోవాలి, అది రికార్డులో పడాలి. అధికారులకి మాత్రం చుట్టాలు లేరా? తేడా ఒకటే, కలెక్టరు ఆఫీసులో ఎవరు ఎందుకు ఏ ఫైలు పక్కన పెట్టారో మనకి ఎప్పటికీ తెలీదు. వాడు ముప్ఫయ్యేళ్ళు అలాంటి ఆఫీసులోనే పనిచేశాడు గనక దీనికి మాత్రం ఏమీ అనలేదు, మజ్జిగ తాగి పడుకున్నాడు.

తరవాత మేనకోడలూ నేనూ కూచుని అసెంబ్లీలో వెయ్యదగ్గ ప్రశ్న ఒకటి తయారుచేశాం. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. పాత కొరాపుట్‌ని విడగొట్టి కొత్త జిల్లాలు చేసిన 1992 నుంచీ, ఈ నాలుగు జిల్లాల ఆశ్రమ పాఠశాలల్లో, కన్యాశ్రమాల్లో సిబ్బంది మీద పిల్లల వేధింపుల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి? ఎన్నిటి మీద శాఖ విచారణ జరిగింది? ఆ నివేదికలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి? అలాంటి ఫిర్యాదు ఉన్నవాళ్ళలో ఎందరు పూర్తి పింఛనుతో రిటైరయ్యారు?

కౌన్సిల్ రోజుల్లో పరిచయమైన ఒక ఎమ్మెల్యే ఉన్నాడు. ఏ పార్టీయో, ఏ నియోజకవర్గమో మీకనవసరం. కాగితం రెండుసార్లు చదివాడు. "1992 నుంచీ అంటే అందులో మా వాళ్ళ హయాం కూడా వస్తుంది కదా మేడమ్" అన్నాడు.

"వస్తుంది బాబూ, అందరిదీ వస్తుంది" అన్నాను.

ఒడియాలో రాసి సమావేశాలకి ముందు పంపమన్నాడు. మా కోడలు టైపు చేస్తోంది. ఆ పింఛను ప్రశ్న తీసేస్తే తొందరగా ఒప్పుకుంటారని పీఏ అప్పుడే ఫోన్ చేశాడు. మిగతావన్నీ తీసేసినా అదొక్కటీ ఉంచమని చెప్పాను.